నల్ల పుంజు సంఘం: కియాంతి క్లాసికో ఉత్పత్తిదారుల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ నడుమనున్న కొండల్లో కియాంతి క్లాసికో అనే ఎర్ర వైన్ తయారవుతుంది. సీసా మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మను కాపాడుతున్న ఉత్పత్తిదారుల సంఘానికి 2024లో నూరేళ్లు నిండాయి. ఆ సంఘం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. వైన్ ఎలా రుచి చూడాలన్నది ఇందులో లేదు. ఒక ఊరి పేరు ఎవరి సొత్తు అన్న తగాదా మాత్రం బోలెడంత ఉంది.

కియాంతి, కియాంతి క్లాసికో ఒకటేనా?

కావు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కియాంతి అన్నది మొదట కొన్ని కొండ ఊళ్ల పేరు. ఆ ఊళ్లలో, వాటికి ఆనుకుని ఉన్న భూముల్లో తయారయ్యేది కియాంతి క్లాసికో. టస్కనీలో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ప్రాంతంలో తయారయ్యే వైన్‌కు ఒట్టి కియాంతి అని పేరు. అంటే అసలు ఊరివాళ్లు తమ పేరుకు ఒక తోక తగిలించుకుంటే, చుట్టుపక్కలవాళ్లు తోక లేని పేరు వాడుకుంటున్నారు. ఈ తలకిందుల వ్యవహారం ఎలా వచ్చిందో తెలిస్తే సంఘం చరిత్ర సగం తెలిసినట్టే.

సంఘం ఎప్పుడు, ఎందుకు పుట్టింది?

1924 మే 14న రద్దా ఇన్ కియాంతి అనే చిన్న కొండ ఊళ్లో 33 మంది ఉత్పత్తిదారులు కూడి దీన్ని స్థాపించారు. మొదట పెట్టుకున్న పేరు చాలా పొడుగు: కియాంతి విలక్షణ వైన్‌నూ దాని పుట్టుక ముద్రనూ రక్షించే సంఘం. పుట్టుక ముద్ర అంటే సరుకు ఏ ప్రాంతంలో తయారైందో చెప్పే గుర్తు. ఇందులో అమ్మకం లేదు, ప్రచారం లేదు, ఉన్నదల్లా రక్షణే.

అప్పటికి కియాంతి అన్న మాటకు దేశవిదేశాల్లో మంచి గిరాకీ ఉంది. అందుకే టస్కనీలో ఎక్కడ పండిన ఎర్ర వైన్‌నైనా గడ్డి అల్లిక తొడుగు వేసిన పొట్ట సీసాలో పోసి కియాంతి అని అమ్మేసేవారు. ఆ సీసాను ఫియాస్కో అంటారు. రాళ్ల నేలలో తక్కువ దిగుబడితో తంటాలు పడేవాడి సరుకూ, పల్లపు నేలలో గంపలకొద్దీ కోసుకునేవాడి సరుకూ అంగట్లో ఒకే పేరుతో పక్కపక్కన నిలబడేవి. ఊరు తమది, పేరు తమది, లాభం మాత్రం ఇంకొకరిది. పైగా ఫిలోక్సెరా అనే వేరుపురుగు యూరప్ తోటలను తినేసిన తరువాత, మళ్లీ తీగలు నాటుకుని అప్పుడప్పుడే కోలుకుంటున్న రోజులవి.

అంతకు ముందు ఆ పేరుకు సరిహద్దులే లేవా?

లేకపోవడం కాదు, అందరికంటే ముందే ఉన్నాయి. 1716 సెప్టెంబరు 24న టస్కనీ గ్రాండ్ డ్యూక్ 3వ కొజిమో మెదిచీ ఒక శాసనం జారీ చేశాడు. కియాంతి, పోమినో, కార్మిన్యానో, ఎగువ వాల్దార్నో అనే నాలుగు ప్రాంతాల పేర్లతో వైన్ అమ్మాలంటే అది ఏ హద్దుల లోపల తయారు కావాలో అందులో ఉంది. కియాంతి విషయంలో శాసనం దారి చెప్పినట్టు సాగుతుంది: స్పెదలూజో నుంచి గ్రేవె దాకా, అక్కడి నుంచి పంజానో, ఆపై రద్దా, గయోలె, కాస్తెల్లీనా అనే మూడు భాగాలున్న రద్దా ఠాణా (అప్పటి పాలనా విభాగం) మొత్తం, సియెనా రాజ్యపు పొలిమేర వరకు. పోర్చుగల్‌లో దౌరో లోయకు హద్దులు గీసింది 1756లో. ఫ్రాన్సు తన ప్రసిద్ధ పుట్టుక ముద్రల చట్టం తెచ్చింది 1935లో.

ఇంత ముందుచూపు ఉన్న శాసనం కాలక్రమంలో అటకెక్కింది. రాజులు మారారు, రాజ్యాలు కలిసి ఇటలీ అయింది, కొత్త మార్కెట్లు తెరుచుకున్నాయి. పాత గీతలను పట్టించుకునే అధికారి లేడు. 1924లో ఆ 33 మంది కొత్త హక్కు అడగలేదు, రెండు శతాబ్దాల నాటి కాగితం చూపించి పాత హక్కే మళ్లీ అడిగారు.

కోడిపుంజు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి ఒక కథ, ఒక చరిత్ర ఉన్నాయి. ముందు కథ.

మధ్యయుగాల్లో ఫ్లోరెన్స్, సియెనా ఈ కొండల కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. విసిగిపోయి ఒక ఒప్పందానికి వచ్చాయి. తొలి కోడి కూయగానే రెండు నగరాల నుంచి చెరొక రౌతు బయలుదేరాలి, ఇద్దరూ ఎక్కడ ఎదురుపడితే అదే సరిహద్దు. సియెనావాళ్లు తెల్ల పుంజును ఎంచుకుని కడుపు నిండా మేపారు. ఫ్లోరెన్స్‌వాళ్లు నల్ల పుంజును గూట్లో పెట్టి పస్తులుంచారు. ఆకలితో నకనకలాడుతున్న నల్ల పుంజు తెల్లవారకముందే కూసింది. తెల్ల పుంజు హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్స్ రౌతు అంత దూరమూ వచ్చేసి, సియెనాకు సుమారు 12 కిలోమీటర్లలో ఉన్న ఫోంతెరూతోలి దగ్గర రెండో రౌతును కలిశాడు. అలా కియాంతి దాదాపు మొత్తం ఫ్లోరెన్స్ పాలైంది. ఇది జరిగిందనడానికి ఆధారం లేదు. ఆకలిగొన్నవాడే ముందు లేస్తాడన్న సంగతి తెలిసిన పల్లెటూరివాళ్లే దీన్ని కల్పించి ఉంటారని నాకు అనిపిస్తుంది.

ఇక చరిత్ర. 14వ శతాబ్దంలో ఫ్లోరెన్స్ రిపబ్లిక్ ఈ పొలిమేరను కాచుకోవడానికి రద్దా, గయోలె, కాస్తెల్లీనాలను కలిపి కియాంతి లీగ్ అనే వ్యవస్థను ఏర్పరచింది. దాని కేంద్రం రద్దా. బంగారు రంగు మీద నల్ల పుంజు ఆ లీగ్ చిహ్నం. 16వ శతాబ్దంలో జోర్జో వజారి ఫ్లోరెన్స్‌లోని పలాజో వెక్కియో అనే భవనంలో పెద్ద సభాశాల పైకప్పు మీద కియాంతిని బొమ్మగా వేసినప్పుడు ఆ పుంజునూ చిత్రించాడు. 1924లో సంఘం ఆ చిహ్నాన్నే తీసుకుంది.

రికాసోలి సూత్రం అంటారు, అదేమిటి?

బెత్తినో రికాసోలి (1809–1880) గయోలె దగ్గరి బ్రోలియో కోట యజమాని. ఏకీకృత ఇటలీకి రెండో ప్రధానమంత్రి కూడా. ఆయన పట్టుదల చూసి జనం ఉక్కు బారన్ అని పిలిచేవారు. తన తోటల్లో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, వచ్చిన ఫలితాన్ని 1872లో పీసా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చేజరె స్తుదియాతికి ఉత్తరంలో రాశాడు. సాంజోవేజె ద్రాక్ష వైన్‌కు సువాసననూ బలాన్నీ ఇస్తుంది, కనైయోలో ఆ కరుకుదనాన్ని మెత్తబరుస్తుంది, మాల్వజియా అనే తెల్ల ద్రాక్ష తేలికదనం తెస్తుంది. ఇదీ దాని సారం.

అయితే ఆయన ఒక షరతు కూడా పెట్టాడు. తెల్ల ద్రాక్ష త్వరగా తాగేసే వైన్‌కే పనికొస్తుంది, నిలవ పెట్టే వైన్‌లో దాన్ని తగ్గించాలి లేదా మానేయాలి అన్నాడు. తరువాతివాళ్లు సూత్రాన్ని గుర్తుపెట్టుకుని షరతును మరచిపోయారు. ఆ మరపు ఎంత ఖరీదైందో కింద చూడండి.

సంఘం పెట్టగానే చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకున్నారా?

ఎందుకు ఒప్పుకుంటారు? తరాలుగా అదే పేరుతో అమ్ముకుంటున్నవాళ్లు వాళ్లు. 1927లో ఫ్లోరెన్స్, సియెనా, అరెజో, పిస్తోయా జిల్లాల ఉత్పత్తిదారులు పోటీగా మరొక సంఘం పెట్టుకున్నారు. పుంజుకు పోటీగా వాళ్ల ముద్ర బొద్దు పసిపిల్లవాడు. ఇటాలియన్‌లో పుత్తో అంటారు.

తగాదా ప్రభుత్వం దాకా పోయింది. వ్యవసాయ శాస్త్రవేత్త జొవాన్ని దల్మాసో నాయకత్వంలో ఒక కమిషన్ పరిశీలన జరిపింది. 1932 జులై 31 నాటి ఉత్తర్వుతో కియాంతి పేరు ఏడు ఉపప్రాంతాలకు దక్కింది: క్లాసికో, రూఫినా, మోంతల్బానో, కొల్లి ఫియొరెంతీని, కొల్లి సెనేజి, కొల్లి అరెతీని, కొల్లీనె పిజానె. అసలు ఊళ్లకు, వాటికి చేర్చిన పొరుగు భూములకు క్లాసికో అన్న విశేషణం లభించింది. మొట్టమొదటి పుట్టుక ప్రాంతమని దాని అర్థం.

దీన్ని సంఘం విజయంగా చెప్పేవారు ఉన్నారు. నాకు మాత్రం ఇది గౌరవంగా చుట్టి ఇచ్చిన ఓటమిలాగే కనిపిస్తుంది. పేరు మాదే అని కోర్టుకెక్కినవాడికి, పేరు అందరిదీ, నీకు మాత్రం ఒక బిరుదు ఇస్తున్నాం అని తీర్పు చెప్పడం లాంటిదిది. 1716 గీత కంటే కొత్త క్లాసికో ప్రాంతం కూడా పెద్దదే. ఇప్పుడు గ్రేవె, రద్దా, గయోలె, కాస్తెల్లీనా పూర్తిగానూ, సాన్ కషానో, బార్బెరీనో తవార్నెల్లె, కాస్తెల్నువొవో బెరార్దెంగా, పోజ్జిబోన్సి కొంత కొంతగానూ దాని లోపల ఉన్నాయి. మొత్తం సుమారు 70 వేల హెక్టార్లు, అందులో ఎక్కువ భాగం అడవి.

ఇంత పేరున్న వైన్ ఒకప్పుడు నాసిరకం అనిపించుకుందట, నిజమేనా?

నిజమే. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేదీ ఇదే. అంతవరకు ప్రమాదం బయటివాళ్ల నుంచి వచ్చింది. ఈసారి తమ నియమాల నుంచే వచ్చింది.

1963లో ఇటలీ పుట్టుక ముద్రల చట్టం చేసింది. 1967లో కియాంతికి, అందులో భాగంగా క్లాసికోకు, నియమావళి తయారైంది. ఎర్ర వైన్‌లో త్రెబ్బియానో, మాల్వజియా అనే తెల్ల ద్రాక్షలు 10 నుంచి 30 శాతం కలపాలని అది శాసించింది. కలపవచ్చు అని కాదు, కలిపి తీరాలి అని. రికాసోలి పేరు చెప్పి ఆయన వద్దన్న పనినే చట్టం చేశారు. త్రెబ్బియానో విరగకాస్తుంది, రుచి అంతంత మాత్రం. దాన్ని పోసేకొద్దీ వైన్ పలచబడింది. సాంజోవేజె ఒక్కదానితోనే వైన్ చేస్తే దానికి కియాంతి క్లాసికో అని పేరు పెట్టడం నేరమైంది. కంచే చేను మేసింది.

మంచి వైన్ చేయాలనుకున్నవాళ్లు పేరును వదులుకున్నారు. ఆంతినోరి కుటుంబం సాన్ కషానో దగ్గరి తిన్యానెల్లో తోట ద్రాక్షతో చేసిన 1971 నాటి వైన్‌ను ఒట్టి బల్ల వైన్ అనే అట్టడుగు తరగతి కింద అమ్మింది. దాన్ని తీర్చిదిద్దిన నిపుణుడు జాకొమో తాకిస్. రద్దాలో సెర్జో మనెట్టి సాంజోవేజె ఒక్కదానితోనే లె పెర్గొలె తోర్తె అనే వైన్ చేశాడు. దాని తొలి సంవత్సరం 1977. ఆయన మోంతెవెర్తీనె తోట 1981లో సంఘం నుంచి బయటికి వచ్చింది, మళ్లీ ఆ ముఖం చూడలేదు. రద్దాలో, పాత లీగ్ నడిబొడ్డున, సిసలైన స్థానిక ద్రాక్షతో చేసిన వైన్ సీసా మీద పుంజు లేదు.

వీటికి విలేకరులు సూపర్ టస్కన్లు అని పేరు పెట్టారు. చట్టం దృష్టిలో అట్టడుగు వైన్లు, ధరలో అన్నిటికంటే పైన. ఏ నియమాన్ని మార్చాలో సంఘానికి ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

మరి నియమాలు ఎప్పుడు మారాయి?

చాలా నెమ్మదిగా. 1984లో ఇటలీలోని అత్యున్నత తరగతి ముద్ర వచ్చింది, అప్పుడు తెల్ల ద్రాక్ష వాటా బాగా తగ్గింది. 1996లో క్లాసికోకు కియాంతితో సంబంధం లేని సొంత నియమావళి దక్కింది, సాంజోవేజె నూటికి నూరు శాతం వాడుకునే స్వేచ్ఛా వచ్చింది. తరువాత సాంజోవేజె కనీస వాటా 80 శాతమైంది. 2006 పంట నుంచి తెల్ల ద్రాక్షను పూర్తిగా నిషేధించారు. అంటే 1967లో తప్పనిసరి అయినది సుమారు 40 ఏళ్లకు నేరమైంది.

ఈ కథలో అందరూ భూస్వాములే కనిపిస్తున్నారు. సాగు చేసినవాళ్లు ఎవరు?

సరైన ప్రశ్న, సంఘం వేడుకల్లో తక్కువగా వినిపించే ప్రశ్న కూడా. శతాబ్దాల పాటు ఈ కొండల్లో నడిచింది మెద్జద్రియా అనే సగపాలు సేద్యం. భూమి, ఇల్లు యజమానివి, కష్టం రైతు కుటుంబానిది, పంట చెరి సగం. సగపాలు రైతుకు వైన్ ఒక్కటే పండితే కడుపు నిండదు. అందుకే ఒకే చేలో ద్రాక్ష తీగలు, ఆలివ్ చెట్లు, వరుసల నడుమ గోధుమ ఉండేవి. తీగలను మేపుల్ చెట్ల మీదికి పాకించేవారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫ్యాక్టరీ జీతాలు పిలిచాయి. కుటుంబాలకు కుటుంబాలే కొండ దిగిపోయాయి. 1964 చట్టం కొత్త సగపాలు ఒప్పందాలను నిషేధించింది, 1982 చట్టం మిగిలినవాటిని కౌలుగా మార్చే దారి చూపింది. ఖాళీ అయిన రాతి ఇళ్లను నగరాలవాళ్లు, విదేశీయులు కొనుక్కున్నారు. ఈనాడు పర్యాటకులు ఫొటోలు తీసుకునే పొలం ఇళ్లు చాలావరకు అలా ఖాళీ అయినవే.

పనిచేసే చేతులు పోయాక యజమానులు ప్రభుత్వ, యూరోపియన్ నిధులతో ట్రాక్టరు తిరిగే పెద్ద తోటలు వేశారు. 1960లు, 70లలో హడావిడిగా నాటిన ఆ తీగలను దిగుబడి చూసి ఎంచుకున్నారు, రుచి చూసి కాదు. తెల్ల ద్రాక్ష నియమానికి ఇది తోడైంది.

చెడిన తోటలను ఎలా బాగుచేశారు?

1980ల చివరలో సంఘం ఫ్లోరెన్స్, పీసా విశ్వవిద్యాలయాలతో కలిసి కియాంతి క్లాసికో 2000 అనే పరిశోధన చేపట్టింది. 1960లు, 70లలో వేసిన తోటలకు వయసు మీరిపోయి తీగలు తీసి మళ్లీ నాటే సమయం దగ్గరపడింది. ఈసారైనా ఏది నాటాలో తెలుసుకుని నాటాలన్నది ఆలోచన. పాత తోటల్లోని సాంజోవేజె తీగల నుంచి చిన్న పండ్లు, వదులు గుత్తులు, మందమైన తొక్క ఉన్న రకాలను ఏరి, ఏ నేలకు ఏ వేరు అంటు నప్పుతుందో, ఎకరాకు ఎన్ని తీగలు ఉండాలో ఏళ్ల తరబడి పరీక్షించారు. నా లెక్కన ఈ నూరేళ్లలో సంఘం చేసిన అన్నిటికంటే గొప్ప పని ఇదే, కోర్టు కేసులు కావు.

సంఘం రెండుగా చీలిందని విన్నాం. అమెరికాలో కేసు కూడా నడిచిందట?

1987లో సంఘం రెండు పనులకు రెండు సంస్థలైంది. ఒకటి నియమాలు, తనిఖీ చూసుకుంటే, నల్ల పుంజు పేరుతో ఉన్న రెండోది ప్రచారం చూసుకుంది. అందువల్ల చాలాకాలం పుంజు ఉన్న క్లాసికో, పుంజు లేని క్లాసికో రెండూ అంగట్లో దొరికేవి. కొనేవాడికి తల తిరిగేది.

కేసు వచ్చింది ఆ రెండో సంస్థ మీద. ఇటాలియన్‌లో నల్ల పుంజును గాల్లో నేరో అంటారు. కాలిఫోర్నియాలో గాల్లో అనే పెద్ద వైన్ కంపెనీ ఉంది, ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబపు సోదరులు 1933లో స్థాపించినది. గాల్లో అన్న మాట మా వ్యాపార ముద్ర అని వాళ్లు దావా వేసి 1991లో గెలిచారు. పుంజు బొమ్మ పెట్టుకోవచ్చు గాని, దాన్ని సొంత భాషలో పేరు పెట్టి పిలవకూడదన్నట్టు తయారైంది పరిస్థితి. ప్రచార సంస్థ తన పేరులోంచి ఆ మాటలు తీసేయవలసి వచ్చింది.

2005లో ఈ గందరగోళానికి తెరపడింది. ఒకే సంఘం మిగిలింది, ప్రతి కియాంతి క్లాసికో సీసా మీదా పుంజు తప్పనిసరి అయింది.

వైన్ ఒక్కటేనా, ఇంకేమైనా చేస్తారా?

ఆలివ్ నూనె. దానికి వేరే సంఘం ఉంది, సభ్యులు చాలావరకు వాళ్లే. సగపాలు రోజుల నుంచి తీగా ఆలివ్ చెట్టూ ఒకే చేలో పెరిగినవే కదా. 1985 జనవరిలో టస్కనీ మీద విరుచుకుపడిన మంచు లక్షలాది ఆలివ్ చెట్లను కాండం వరకు చంపేసింది. చాలాచోట్ల మొదలు దాకా నరికి, వేరు నుంచి వచ్చిన పిలకలను మళ్లీ పెంచుకున్నారు. మీకు అక్కడ ఒకే మొదట్లోంచి రెండు మూడు కాండాలున్న చెట్టు కనబడితే అది ఆ మంచు గుర్తే కావచ్చు. కియాంతి క్లాసికో నూనెకు 2000లో యూరోపియన్ యూనియన్ పుట్టుక ముద్ర లభించింది. ఫ్రాంతోయో, కొర్రెజ్జోలో, మొరయోలో, లెచ్చీనో అనే రకాలే ఇందులో ప్రధానం. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే విన్ శాంతో అనే తియ్యటి వైన్‌కు కూడా 1995లో విడి ముద్ర వచ్చింది.

ఇప్పుడు ఎన్ని తరగతులున్నాయి?

మూడు. ఏటా వచ్చే మామూలు వైన్‌ను అన్నాత అంటారు, 12 నెలలు నిలవ ఉంచాలి. రిజెర్వకు 24 నెలలు. 2014లో విడుదలైన గ్రాన్ సెలెజియోనె అనే పై తరగతికి 30 నెలలు, అదీ సొంత తోట ద్రాక్షతోనే. హెక్టారుకు ద్రాక్ష దిగుబడి ఏ తరగతికైనా 7.5 టన్నులు మించకూడదు. 2010 నుంచి మరొక మార్పు వచ్చింది: క్లాసికో హద్దుల లోపల ఎవరూ ఒట్టి కియాంతి తయారు చేయకూడదు.

2021లో సభ్యులు ప్రాంతాన్ని 11 చిన్న భాగాలుగా విడదీయడానికి ఆమోదం తెలిపారు. పంజానో, లామోలె, రద్దా, వల్యాల్యి వంటి పేర్లు గ్రాన్ సెలెజియోనె సీసాల మీదికి అలా వచ్చాయి. ఒక పెద్ద పేరు కోసం నూరేళ్లు పోరాడినవాళ్లు ఇప్పుడు ఎవరి ఊరి పేరు వాళ్లకు కావాలంటున్నారు. ఇందులో పంజానోవాళ్లు అందరికంటే ముందున్నారు, 1995లోనే తమ ఊరి వైన్ రైతులకు సొంత సంఘం పెట్టుకున్నారు.

సభ్యులు ఎంతమంది?

సుమారు 500 మంది. కొందరికి సొంత సీసా, లేబులు ఉంటాయి. మిగిలినవాళ్లు ద్రాక్షనో వైన్‌నో ఇతరులకు అమ్ముతారు.

పుంజు బొమ్మ లేని పాత సీసా దొరికితే అది నకిలీయా?

2005కు ముందుదైతే బొమ్మ లేకపోవడం తప్పేమీ కాదు, పైన చెప్పిన చీలిక కారణం. ఆ తరువాతిదైతే అనుమానించాలి. బొమ్మ కంటే నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది. సీసా మూత మీదుగా అంటించిన సన్నని కాగితపు పట్టీ చూడండి. ఇటలీ ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యే ఆ పట్టీ మీద ప్రతి సీసాకూ వేరే వరుస సంఖ్య ఉంటుంది. సీసా తెరిచేటప్పుడు దాన్ని చింపక తప్పదు కాబట్టి, సంఖ్య చూసుకోవాలంటే ముందే చూసుకోండి.